కుడి చేతి కింద ఎడమ చెయ్యి

నా కుడి చెయ్యి పడిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా యారాలు సుగుణ, అంటే మా మరిది భార్య. డాక్టరు ఆ మాటను ఆసుపత్రి వరండాలో మా ఆయనకు చెప్పాడట. ఆయన మా అత్తమ్మకు చెప్పారు. అత్తమ్మ గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. మంచం మీద ఉన్నది నేను, చెయ్యి నాది. అయినా ఆ మాట నా దాకా తేవాలని ఎవరికీ తోచలేదు, తోచినా ధైర్యం చాలలేదు. సుగుణ ఒక్కతే వచ్చి మంచం పట్టె మీద కూర్చుని నా ఎడమ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, దాస్తె నీకు తెల్వదా? పక్షవాతమట. కుడి పక్క పడిపోయింది. మాట గుడ పోయింది. పాణానికి భయం లేదన్నరు. చెయ్యి వస్తదా రాదా అంటె డాక్టరు గుడ మీదికే చూస్తుండు. ఏడువాలనుంటె ఏడువు, నేనున్న."

ఏడుద్దామంటే ముఖం సగమే కదిలింది. ఆమె వేళ్లను గట్టిగా ఒత్తాను. ఆ పూట నాకు చేతనైన మాట అదొక్కటే. నిజం చెప్పినందుకు సుగుణకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరానికి కుడి ఎడమలు లేవని ఆలస్యంగా తెలుసుకున్నాను. తిండికి మాత్రం ఉన్నాయి, నా కష్టమంతా అక్కడే మొదలైంది. ఆ పడిపోయిన చేతినుంచి నేను కోరుకున్నవి రెండే పనులు. ఒకటి, నా ముద్ద నేను తినడం. రెండోది, ఒక మనిషికి గ్లాసెడు మంచినీళ్లు ఇవ్వడం. మొదటిది దేవుడు ఇచ్చాడు. రెండోదాని కోసమే ఈ నాలుగు ముక్కలు.

శ్రావణం

అప్పటికి మేము కోరుట్లకు వచ్చి రెండేళ్లు. మా ఊరు వెల్గటూరు దాటాక, గోదావరి ఒడ్డున. ఆ రోజుల్లో మావంటి దొరల ఇండ్లవాళ్లు ఊళ్లల్లో నిలువలేకపోయారు. అన్నలు, అంటే నక్సలైట్లు, మా పొలాల్లో ఎర్రజెండాలు పాతారు, మా మామగారు పోయిన ఏడాదికే మావాళ్లు ఇంటికి తాళం వేసి బయటపడ్డారు. తప్పెవరిది, ఒప్పెవరిది అన్నది నేను రాయగలిగిన సంగతి కాదు. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాన్న ఇంటికి పంతులును పిలిపించి నాలుగు అక్షరాలు, నాలుగు స్తోత్రాలు నేర్పించారు, అంతే. ఊళ్లో ఉన్నన్నాళ్లూ మా వాకిలి ఊడ్చిన మనిషి ముఖంలోకి నేను ఒక్కసారైనా నిలబడి చూడలేదన్నది మాత్రం రాయగలను.

నాకు బీపీ ఉందని ఏడాది ముందే చెప్పి మాత్రలు రాశారు. రోజూ పొద్దున ఒకటి. శ్రావణం వచ్చిందంటే మా ఇంట్లో వారానికి మూడు ఒక్కపొద్దులు. మాత్ర మింగితే నీళ్లు తాగాలి, నీళ్లు నోట్లో పడితే ఒక్కపొద్దు చెడుతుంది. అందుకని ఒక్కపొద్దు రోజుల్లో మాత్ర మానేశాను. తర్వాత మిగిలిన రోజుల్లోనూ మరుపొచ్చింది. ఒంట్లో తేలికగానే ఉండేది, దేవుడే చూసుకుంటున్నాడనుకున్నాను. మీ ఇంట్లో ఇట్లా మాత్రలు మానే ఆడవాళ్లుంటే వాళ్లకు నా మాటగా చెప్పండి. దేవుడు నన్ను మాత్ర వద్దనలేదు. నేనే ఆయన పేరు పెట్టి మానుకున్నాను.

మూడో శుక్రవారం పొద్దున దీపం ముట్టించి హారతి పళ్లెం ఎత్తబోయాను. పళ్లెం ఎత్తానని నేననుకుంటున్నాను, పళ్లెం మాత్రం పీట మీదే ఉంది. నా చెయ్యి ఎవరిదో అన్నట్టు పక్కన వేలాడుతోంది. అత్తమ్మను పిలవబోతే నోట్లోంచి గాలి వచ్చింది. ఆ తర్వాత నేల చల్లగా తగిలింది.

భాద్రపదం

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక కాలు కొంచెం కొంచెం నా మాట వినసాగింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేయగలిగాను. చెయ్యి మాత్రం తడిబట్టలా ఒళ్లో పడి ఉండేది. ఎవరో చెబితే పావురం రక్తం తెచ్చి రుద్దారు. వద్దని చెప్పడానికి నాకు నోరు లేదు.

నోటి సంగతి ఇంకో వింత. దాహమైతే నీళ్లని అడగలేను. కానీ పొద్దున్నే పడుకున్నచోటే స్తోత్రం మొదలుపెడితే మొదటి మాట నుంచి చివరి మాట దాకా తడబడకుండా వచ్చేది. అది విని అత్తమ్మ ఒకరోజు విసుక్కుంది.

"గంత పొడుగు స్తోత్రం సదువుతది. మంచినీళ్లని రెండు ముక్కలు అనరాదా? మనను సతాయిస్తుందా ఏంది?"

సుగుణ ఊరుకోలేదు. "గా సతాయించుడు అక్కకు ఎన్నడన్న వచ్చిందా అత్తమ్మా? వస్తె గిట్లెందుకుంటది!"

అత్తమ్మ చెడ్డది కాదు. మూడు పూటలా నాకు తన చేత్తో కలిపి తినిపించింది. పసిపిల్లకు పెట్టినట్టు ముద్ద పెట్టి, పెదవి పక్కన కారింది తుడిచి, ఇంకో ముద్ద పెట్టేది. ఆమెకూ డెబ్బై దగ్గరపడుతున్నాయి. మోకాళ్లు పట్టుకుని లేచేటప్పుడు ఆమె మూలుగు విని నేను ఆకలి చంపుకునేదాన్ని. రెండు ముద్దలకే తల తిప్పేసేదాన్ని. అది తెగులు ముదిరినందుకనుకుని ఆమె ఇంకా భయపడేది. మా ఆయన నన్ను చూడలేక వాకిట్లోనే ఎక్కువగా ఉండేవారు. ఇంట్లో ఎవరికి వారు నాకు మేలు చేయాలని చూసి, ఒకరి మీద ఒకరు చిరాకు పడేవారు. నేను మధ్యలో కూర్చుని అన్నీ వినేదాన్ని.

చెయ్యి చూపించడానికి జగిత్యాలలోని ఒక ధర్మాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి వరండాలో సిమెంటు బెంచీ మీద పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. బెంచీకి ఒక కొసన కాలికి కట్టుతో ఒక కానిస్టేబులు, ఇంకో కొసన చేతికి కట్టుతో ఒక పడుచు పిల్లగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఒకే గోడను చూస్తున్నారు. వాళ్ల మధ్య మేమందరం. నా పక్కన కూర్చున్నామె మా కోరుట్ల మనిషే, బీడీలు చేసి చేసి వేళ్లు కొంకర్లు పోయాయట. నా పెదవి చివర చొంగ కారుతుంటే మా ఆయన అటు తిరిగి ఉన్నారు. ఆమే తన కొంగుతో తుడిచింది.

"సిగ్గుపడకవ్వా. మా అత్తకు గిట్లనే అయ్యింది. నోరు మనది గాదనుకో, ఒక్కొక్కటే కొలిక్కి వస్తది," అంది.

ఆమె పేరు తెలియదు. అడగలేకపోయాను. ఆ కొంగు తడి ఇంకా గుర్తుంది.

లోపల మమ్మల్ని చూసింది ఎస్తేరు. ముప్పై లోపు వయసు, నూలు చీర, చేతికి మగవాళ్ల గడియారం. నడక నేర్పేవాళ్లు వేరట. ఆమె పని, మనిషి తన పనులు తాను మళ్లీ చేసుకునేటట్టు చేయడం. తినడం, తల దువ్వుకోవడం, చీర కట్టుకోవడం. ఆక్యుపేషనల్ థెరపీ అంటారని మా ఆయనకు చెప్పింది. ఊళ్లవాళ్లకు ఆ పేరు తిరగక చేతుల డాక్టరమ్మ అనేవాళ్లు. "నేను డాక్టర్‌ను గాదు, డాక్టర్లు పంపితె వచ్చేదాన్ని," అని నవ్వేది. నన్ను ప్రతివారం అంతదూరం బస్సులో తిప్పొద్దని, మంగళవారం మంగళవారం కోరుట్ల వైపు వస్తానని, ఇంటికే వచ్చి చూస్తానని చెప్పింది. బేస్తవారం సిరిసిల్లకు పోయేదట, అక్కడ మగ్గాల్లో వేళ్లు తెగినవాళ్లు ఆమె కోసం కాచుకుని ఉండేవాళ్లు.

మొదటి మంగళవారం వచ్చి నా ఎదురుగా చాప మీద కూర్చుంది.

"అక్కా, చెయ్యి మొత్తం ఎప్పుడొస్తదని నన్నడుగకు, నాకు తెల్వదు. కొంచెం వచ్చినా ముందుగాల ఏ పని చెయ్యాలనున్నది? నువ్వే చెప్పాలె."

నేను నోరు తెరిచేలోగా ఇంట్లోవాళ్లందరూ చెప్పారు. "చెయ్యనీకి ఏమున్నది, మేమందరం లేమా?" అంది అత్తమ్మ. "సంతకం వస్తే చాలు," అన్నారు మా ఆయన. "నన్ను కొట్టనీకి చెయ్యి లేస్తె చాలు," అంది సుగుణ. అందరూ నవ్వారు. ఎస్తేరు నవ్వి, మళ్లీ నా ముఖమే చూసింది. నాకు మాట రాలేదు. ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది.

స్తోత్రం సంగతి అత్తమ్మ ఆమెనూ అడిగింది. "పాట ఒక అరల ఉంటదవ్వా, మాట ఇంకో అరల. ఒక అరకు తాళం పడ్డది. అక్క నటిస్తలేదు," అని చెప్పింది. నా కళ్లల్లోంచి నీళ్లు వచ్చాయి. ఆ ఒక్క మాటతో ఇంట్లో నన్ను అనుమానించడం ఆగిపోయింది.

ఆమె మా వాకిట్లో ఉండగానే అత్తమ్మ అడిగింది. "ఏ ఊరు బిడ్డా మీది?"

"బుగ్గారం అవ్వా."

"బుగ్గారంల ఏడ?"

"చర్చి పక్కపొంటి."

అత్తమ్మకు అర్థమైంది. ఎస్తేరు నీళ్లు అడిగితే లోపలి ఇత్తడి గ్లాసు కాకుండా, వరండా గూట్లో బోర్లించి ఉండే సత్తు గ్లాసులో పోసింది. ఊళ్లో పనిమనుషులకు పోసే గ్లాసు అది. ఊరు వదిలి వచ్చినప్పుడు అదీ మాతో వచ్చింది. ఎస్తేరు తాగి, దాన్ని కుళాయి దగ్గర తానే కడిగి, తీసిన గూట్లోనే బోర్లించింది. ఎవరూ చెప్పలేదు. ఆమెకు తెలుసు. ఆమె వెళ్లాక అత్తమ్మ అంది:

"అక్కనట అక్క! వాళ్లమ్మ అయితె దొరసానీ అనేది."

నేను విన్నాను. నోరున్న రోజుల్లోనూ ఇట్లాంటివి వినే ఊరుకున్నాను.

ఆశ్వయుజం

మూడో మంగళవారం ఎస్తేరు పిడికి బట్ట చుట్టి లావు చేసిన చెంచా ఒకటి తెచ్చింది. పళ్లెంలో పప్పన్నం మెత్తగా కలిపింది. చెంచా నా ఎడమ చేతిలో పెట్టి, పైన తన చెయ్యి వేసి, మెల్లగా నా నోటిదాకా తెచ్చింది.

"ముందుగాల ఈ చేతితోని తిను అక్కా. ఎవల మీద ఆధారపడవు. అవ్వకు గుడ పని తప్పుతది."

నేను నోరు బిగించాను. ఆమె చేతికిందినుంచి నా చెయ్యి గుంజుకున్నాను. చెంచా కింద పడింది, మెతుకులు ఆమె చీర మీద పడ్డాయి.

ఎడమ చెయ్యి అది. పుట్టినప్పటినుంచి కడుక్కునే చెయ్యి. దానితో పూవు ముట్టను, ఎవరికీ ఏదీ ఇవ్వను. దాన్ని నోటికి తెమ్మంటే నా ఒళ్లే ఒప్పుకోలేదు. ఇదంతా ఒక్క ముక్కలో చెప్పగలిగే సంగతి. ఆ ఒక్క ముక్క నాకు లేదు.

ఎస్తేరు చూపు నా చేతిమీంచి లేచి, తెరిచి ఉన్న తలుపులోంచి వరండా గూట్లోని సత్తు గ్లాసు మీదికి పోయింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆమె ఏమనుకుందో నాకు తెలిసిపోయింది. కాదు కాదని తల ఊపాను. తల ఊపుతుంటే వద్దు వద్దన్నట్టే ఉంది.

"సరే అక్కా," అంది. మెతుకులు ఏరి పళ్లెంలో వేసింది. ఆ రోజు నీళ్లు అడగలేదు.

పై మంగళవారం బంద్. అన్నలు పిలుపిచ్చారంటే బస్సు చక్రం కదిలేది కాదు. ఆ పై వారం వచ్చింది. వచ్చి నన్ను ముట్టలేదు. గజం దూరంలో కూర్చుని సుగుణకు చెప్పి చేయించింది. భుజం ఇట్ల పట్టు, మోచెయ్యి కింద చెయ్యి పెట్టు, గుంజొద్దు, అని. నా మనసు నొప్పించకూడదని ఆమె చేసింది. ఆ మర్యాద నన్ను చంపింది. పావురం రక్తం రుద్దిన రోజు కూడా నేను అంత నిస్సహాయంగా లేను. ఎదురుగా కూర్చున్న మనిషి మనసులో నా గురించి ఒక తప్పు మాట నాటుకుంది. అందులో సగం నిజం కూడా. ఆ గ్లాసు మా ఇంటిదే. ఆ తప్పు తీయడానికి నాకు మాట లేదు, చెయ్యి లేదు.

బతుకమ్మ తొమ్మిది రోజులూ అరుగు మీద కుర్చీలో కూర్చుని చూశాను. సుగుణ తంగేడు, గునుగు పేరుస్తూ ఒక పూవు తెచ్చి నా కుడి అరచేతిలో పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు. గాలికి ఎగిరిపోయింది.

కార్తీకం

కార్తీకంలో ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు, నా చెయ్యి కోసమే. ఆ రోజు మంగళవారం అయింది. ఎస్తేరు వచ్చి, పూజ జరుగుతోందని చూసి, పోతానంటే సుగుణ చెయ్యి పట్టుకుని వరండాలో కూర్చోబెట్టింది.

పూజ అయ్యాక అయ్యగారు తీర్థం ఇస్తూ నా దగ్గరికి వచ్చారు. నేనేం చేశానో నాకు తెలియదు, నలభై ఏళ్ల అలవాటు చేసింది. పడిపోయిన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తాను. కుడి అరచెయ్యి పుడిసిలిగా పైన, దాని కింద కొంగు, కింద ఎడమ చెయ్యి. అయ్యగారు మూడుసార్లు పోశారు. ఎడమ చేత్తో కుడి చేతిని నోటిదాకా లేపి తాగాను. సగం గడ్డం మీద పోయింది.

వరండాలోంచి ఎస్తేరు లేచి గడపదాకా వచ్చింది. గడప బయటే ఆగింది.

"అయ్యగారూ! ఇంకోసారి పొయ్యుండ్రి!"

అయ్యగారు తెల్లబోయారు. "తీర్థం మూడుసార్లే కదమ్మా."

"నాలుగోది మందు కింద రాసుకోండ్రి. అక్క చెయ్యెత్తింది సూడుండ్రి! ఎవలన్న చెప్పిన్రా?"

అప్పుడు గానీ మిగతావాళ్లు చూడలేదు. అయ్యగారు నవ్వి, "నారాయణుడికి లెక్కలేముంటాయి లెమ్మా," అంటూ ఇంకో ఉద్ధరిణెడు పోశారు. నేను మళ్లీ ఎత్తాను. ఈసారి తెలిసి ఎత్తాను.

ఎస్తేరు అత్తమ్మను అడిగింది. "అవ్వా, ప్రసాదం ఏ చేతితోని తీసుకుంటరు?"

"అదేం అడుగుడే, కుడి చేతితోనే. ఎడమ చెయ్యి నోటికి పోతదా ఎక్కడన్న?"

ఎస్తేరు గడప మీద కూర్చుంది. సంచిలోంచి పుస్తకం తీసి, నాకు కనబడేటట్టు పట్టుకుని చదివింది.

"చూడక్కా. ఆ దినం నువ్వు చెంచా పడగొట్టినంక ఏం రాసిన్నో. 'తింటలేదు. కారణం: నా చెయ్యి.' గట్ల రాసిన. చదువుకున్నదాన్ని, నీ చెయ్యెందుకు గుంజుకున్నవో ఆలోచించాలె గదా. నా కడుపుల ఏమున్నదో అదే రాసిన." పెన్ను తీసి 'నా' అన్న అక్షరం కొట్టేసి పైన 'ఎడమ' అని రాసింది. "మా సార్లు చెప్పెటోళ్లు, రోగి వద్దంటె రోగిని గాదు, నీ ఆలోచనను మళ్ల పరీక్ష చెయ్యమని. నాకు గా గ్లాసు అడ్డమొచ్చింది."

గ్లాసు మాట వినగానే అత్తమ్మ లోపలికి పోయింది. నేను ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె గుంజుకోలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ప్రసాదం కొంచెం ముద్దగా చేసి నా కుడి అరచేతిలో పెట్టి, వేళ్లు దాని చుట్టూ మూసి, కింద నా ఎడమ చెయ్యి పెట్టింది. "తీర్థం తాగినట్టే అక్కా. పైన కుడి, కింద ఎడమ. నోరు కిందికి తేకు, చెయ్యే మీదికి రావాలె." రెండుసార్లు జారింది. మూడోసారి తియ్యగా నాలుకకు తగిలింది. శ్రావణం తర్వాత నా చేత్తో నేను తిన్న మొదటి ముద్ద అది. అత్తమ్మ తలుపు వెనకాల ఏడుస్తోంది.

నాకు అప్పుడు ఒక్కటే కోరిక. గూట్లో గ్లాసు కాదు, నా పక్కన ఉన్న నా ఇత్తడి గ్లాసుతో ఎస్తేరుకు నీళ్లు ఇవ్వాలి. రెండు చేతులూ దానికి చేర్చాను. కుడి చెయ్యి బరువుకు గ్లాసు ఒరిగి నీళ్లన్నీ చాప మీద పోయాయి. ఎస్తేరు నేను తాగబోయాననుకుని, "దానికి ఇంక టైముందక్కా, తొందర పడకు," అని చాప తుడిచింది. వెళ్లేముందు వరండాలో ఎప్పటిలా సత్తు గ్లాసు తీసుకుని తాగి, కడిగి బోర్లించింది.

అంతకుముందు ఏ పని చేయాలనుందని అడిగితే నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు నాకు జవాబు దొరికింది. చెప్పడానికి నోరే లేదు. చేసి చూపిద్దామనుకున్నాను.

పుష్యం

సుగుణ పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడినుంచి దళసరి తువ్వాలలు తెప్పించి ఇస్తే, ఎస్తేరు కుట్టి నా భుజానికి ఆసరాగా ఊయల కట్టింది. భుజం నొప్పి సగం తగ్గింది. ఆ తువ్వాల నేసిన చేతులెవరివో, వాళ్లకూ నా దండాలు.

మంగళవారాల్లో ఎస్తేరు నాతో తినడం, తల దువ్వడం చేయించేది. చేయిస్తూ కబుర్లు చెప్పేది. ఒకసారి నవ్వుతూనే చెప్పింది.

"అక్కా, మొన్న ఊర్లె అన్నలు ఆపి అడిగిన్రు. దొరల ఇంటికి ప్రతి మంగళారం ఎందుకు పోతున్నవు అని. చెయ్యి నేర్పనీకి పోతున్న అన్న. ఈ వారం పోలీసోళ్లు ఆపి సంచి కుమ్మరిచ్చిన్రు. ఊర్లల్ల ఎవలకు కట్లు కడుతున్నవు అని. చేతులకు కడుతున్న అన్న. ఎవల చేతులు అన్నరు. చేతుల మీద పేర్లుంటయా సారూ అన్న."

సుగుణ నవ్వలేదు. "గీ తిరుగుడు కొన్నొద్దులు బంద్ పెట్టరాదా ఎస్తేరూ?"

"బంద్ పెడితె గీ అక్క భుజం బిగుసుకపోతది. సిరిసిల్లల ఒకాయనకు ఇప్పుడిప్పుడే బొటనవేలు కదుల్తుంది."

ఆమె లేని ఆరు రోజులూ నేను ఇంకో పని చేసేదాన్ని, సుగుణ ఒక్కదానికే తెలుసు. ఇత్తడి గ్లాసులో రెండు గుక్కల నీళ్లు పోసుకుని, కుడి వేళ్లు దాని చుట్టూ చుట్టి, కింద ఎడమ చెయ్యి పెట్టి, ఎదుటి మనిషి దాకా చాచడం. ముందు ఖాళీ గ్లాసు. తర్వాత పావు. తర్వాత సగం. దానితోపాటు ఒక మాట. సుగుణ నా నోటి ఎదురుగా కూర్చుని పలికించేది. "తా... గు. తా... గు." మొదటి అక్షరానికే వారం పట్టింది. స్తోత్రం అంతా వచ్చిన నోటికి రెండు అక్షరాలు కొండలయ్యాయి.

మాఘం

మాఘంలో ఒక మంగళవారం పొద్దున నిండు గ్లాసు తొణకకుండా సుగుణ దాకా చాచి, "తాగు" అన్నాను. సుగుణ తాగలేదు. "నేను తాగితె ఎంగిలైతది. ఆమె వచ్చినంకనే," అంది. తలస్నానం చేయించి, కుర్చీ వాకిలికి ఎదురుగా వేసింది. కడిగిన గ్లాసు నా పక్కన స్టూలు మీద పెట్టింది.

పదకొండు గంటల బస్సు వచ్చి పోయింది. రెండు గంటల బస్సు వచ్చి పోయింది. ఎస్తేరు రాలేదు.

పై వారం బస్సులు తిరిగాయి. ఆమె రాలేదు. ఆ పై వారమూ అంతే. నేను వాకిలి చూపించి, గ్లాసు చూపించి, మా ఆయన ముఖంలోకి చూసేదాన్ని. ఆయన తల దించుకునేవారు. ఫలానా మనిషి ఎక్కడుందని అడగడమే ఆ రోజుల్లో ఒక నేరంలా ఉండేది. అటువాళ్లు వింటారేమో, ఇటువాళ్లు వింటారేమో. చివరికి ఒకరోజు జగిత్యాల పోయి అడిగి వచ్చారు. "ఆమె ఇక్కడ లేదు," అన్నారట. ఎక్కడుందంటే మాట మార్చారట. "ఇంక నన్ను అడగకు అనసూయా," అన్నారు మా ఆయన. ఆయన్ను నేను తప్పుపట్టను. ఆయనకు నోరు ఉంది, భయమూ ఉంది. నాకు భయం పోయింది, నోరు లేదు.

సుగుణ అన్నయ్య సిరిసిల్ల బస్టాండులో చేతికి మగవాళ్ల గడియారం పెట్టుకున్న ఒకామెను చూశానన్నాడు. ఇంకెవరో ఆమె ఊరే విడిచిపెట్టిందన్నారు. మరొకరు ఇంకో మాట అన్నారు, అది నేను రాయను. దేవుని ముందు ప్రతిరోజూ అది అబద్ధం కావాలని కోరుకుంటాను.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం వరండాలోకి నడిచి, గూట్లోని సత్తు గ్లాసును ఎడమ చేత్తో తీసి అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆమె నన్ను చూసి, దాన్ని తీసుకుని లోపలికి పోయింది. అది మళ్లీ మా ఇంట్లో కనబడలేదు. ఆ చెయ్యి నాకు ఎప్పుడూ ఉంది. పనిచేసే చెయ్యే. ఎస్తేరు వచ్చిపోయిన అన్ని మంగళవారాల్లో ఒక్కనాడైనా ఆ పని చేయగలిగేదాన్ని. నా నిస్సహాయత అంతా రోగం తెచ్చింది కాదని ఆ రోజు తెలిసింది.

ఇప్పుడు నాకు మాట చాలావరకు వచ్చింది, నెమ్మదిగా మాట్లాడతాను. కుడి చెయ్యి పూర్తిగా రాలేదు, ఇక రాదు. కింద ఎడమ చెయ్యి పెట్టుకునే తింటాను. మందులు మానను. అత్తమ్మ వెళ్లిపోయింది, పోయేముందు నా చేతి నీళ్లే తాగింది. నాకు ముద్ద పెట్టినవాళ్లు, నా చొంగ తుడిచినవాళ్లు, నాలుగోసారి తీర్థం పోసినవాళ్లు, అందరికీ ఏదో విధంగా కృతజ్ఞత చెప్పుకున్నాను. ఒక్కరికి తప్ప.

మిమ్మల్ని వేడుకునేది ఇంతే. ఇంటికి వచ్చిన మనిషికి మీరు తాగే గ్లాసులో, మీ కుడి చేత్తో మంచినీళ్లు ఇచ్చేటప్పుడు, ఆమె ఎక్కడున్నా సరే, బుగ్గారం ఎస్తేరును ఒక్కసారి తలుచుకోండి.